వీడియో ఆటలలో విసుగు కలిగించే అంశాలు

వీడియో ఆటలలో విసుగు కలిగించే అంశాలు అనగా ఆటగాని నేర్పుతో సంబంధం లేకుండా అతని సమయాన్ని, సహనాన్ని, కొన్ని సందర్భాలలో ధనాన్ని హరిస్తూ, ఒక ఆట నుండి మరొక ఆటకు పదే పదే సంక్రమించే నియమాలు మరియు ఏర్పాట్లు. ఓడిన ప్రతిసారీ మొదటి నుండి ఆడవలసి రావడం, దాటవేయుటకు వీలులేని దృశ్యాలు, తోడు వచ్చే పాత్రను కాపాడవలసిన ఘట్టాలు, ప్రాణాలు తిరిగి వచ్చేవరకు వేచి ఉండడం మొదలైనవి వీటికి ఉదాహరణలు. వీటిలో పాతవి చాలావరకు యంత్రాల పరిమితుల వలన, నాణెం వేసి ఆడే ఆటల వ్యాపారం వలన పుట్టినవి. ఇటీవలి ఫోను ఆటలలోని కొన్ని మాత్రం, విసుగును తప్పించుకొనే మార్గాన్ని అమ్ముట కొరకు ఉద్దేశపూర్వకంగా ఏర్పరచినవి. ఈ రెండింటికీ గల భేదం విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోదగినది.

కష్టానికి, విసుగుకు గల భేదం

ఆట కష్టంగా ఉండటం దోషం కాదు. పులిజూదంలో (దీనినే కొన్ని ప్రాంతాలలో పులి-మేక ఆట అంటారు) మేకలను నడిపేవాడు ఓడిపోతే, ఏ ఎత్తులో పొరపాటు జరిగిందో వెనుదిరిగి చూసుకొనవచ్చును. తరువాతి ఆటలో దానిని సరిదిద్దుకొనవచ్చును. కష్టం నేర్పుతో తగ్గుతుంది. విసుగు కలిగించే నియమం అటువంటిది కాదు. ఆటగాడు ఎంత నేర్చినా అది అంతే కాలాన్ని తీసుకొంటుంది. పది నిమిషాల దారిని పదవసారి నడవవలసి వచ్చినప్పుడు ఆటగాడు కొత్తగా నేర్చుకొనేది ఏమీ ఉండదు.

అయితే ఈ రెండింటి మధ్య సరిహద్దు అందరికీ ఒకేచోట ఉండదు. ఒకరికి విసుగు అనిపించినది మరొకరికి పట్టుదల కలిగించవచ్చును.

సాంప్రదాయిక ఆటలలో

ఇటువంటి నియమాలు వీడియో ఆటలతో మొదలైనవి కావు. తెలుగువారు ఆడే ఇంటి ఆటలలో కూడా ఇవి ఉన్నాయి.

* వైకుంఠపాళి: దీనికే పరమపద సోపాన పటం అని పేరు. పైవరుసలలో ఉండే పెద్ద పాము నోట పడిన ఆటగాడు ఒక్కసారిగా కిందికి జారిపోతాడు. ఇందులో అతని తప్పు ఏమీ లేదు, పందెం అలా పడింది, అంతే. కాని ఈ పటంలో పాములు దుర్గుణాలకు, నిచ్చెనలు సద్గుణాలకు గుర్తులు కాబట్టి ఆ పతనానికి నీతిబోధ అనే ప్రయోజనం ఉంది.
* అష్టాచెమ్మా: అయిదు నిలువు, అయిదు అడ్డు వరుసల గడులలో నాలుగు గవ్వలతో గాని, అరగదీసిన చింతగింజలతో గాని ఆడతారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). ఎదుటివారు కొట్టిన కాయ మరల మొదటి గడికి పోవలసిందే. ఎదుటివారి కాయను ఒక్కటైనా కొట్టనిదే లోపలి గడులలోనికి పోరాదనే నియమం, వరుసగా మూడుసార్లు అష్టా గాని చెమ్మా గాని పడితే ఆ పందెం చెల్లదనే నియమం అనేకచోట్ల ఉన్నాయి.

ఈ ఆటలకు, వీడియో ఆటలకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. అరుగుమీద ఆడే ఆటలో నియమం ఆటగాళ్ళ చేతిలో ఉంటుంది. చిన్నపిల్లలు కూర్చున్నప్పుడు లోపలికి పోవు నియమాన్ని సడలించుకొనవచ్చును, పొద్దుపోయినప్పుడు రెండు కాయలతోనే ఆట ముగించవచ్చును. అందుకే అష్టాచెమ్మా నియమాలు ఊరికొక తీరుగా కనిపిస్తాయి. వీడియో ఆటలో నియమం ప్రోగ్రాములో బిగించబడి ఉంటుంది. దానిని సడలించే అధికారం తయారీదారునిదే.

చరిత్ర

నాణెపు యంత్రాలు: 1970వ దశకం చివరలో, 1980వ దశకంలో వీడియో ఆటలు ఎక్కువగా నాణెం వేసి ఆడే యంత్రాలలో ఉండేవి. జపానుకు చెందిన టైటో సంస్థ 1978లో విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్, నామ్కో సంస్థ 1980లో విడుదల చేసిన పాక్-మాన్ వీటిలో ప్రసిద్ధమైనవి. ఒక ఆటగాడు ఎక్కువసేపు నిలిస్తే యంత్రం యజమానికి ఆదాయం తగ్గుతుంది. కనుక ఆటగానికి కొద్ది ప్రాణాలు మాత్రమే ఇచ్చి, త్వరత్వరగా కష్టాన్ని పెంచే పద్ధతి స్థిరపడింది.

ఇంటి యంత్రాలు: టీవీకి తగిలించి ఆడే యంత్రాలు వచ్చిన తరువాత నాణెం అవసరం పోయింది గాని, ఆ పద్ధతి పోలేదు. నింటెండో సంస్థ 1985లో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో 8 లోకాలు, ఒక్కొక్క లోకంలో 4 అంచెలు చొప్పున మొత్తం 32 అంచెలు ఉన్నాయి. ఆటగానికి మొదట ఇచ్చేవి 3 ప్రాణాలు. ఆటను భద్రపరచుకొనే సదుపాయం లేదు. మొదటి ఏడు కోటలలో ప్రతి కోట చివరా, రాకుమారి వేరొక కోటలో ఉన్నదనే వార్తే ఎదురవుతుంది.

ఈ యంత్రానికి నకళ్ళుగా తయారైన టీవీ గేములు 1990వ దశకంలో మన దేశంలో విరివిగా అమ్ముడుపోయాయి. భద్రపరచే సదుపాయం లేని ఆటకు కరెంటు కోత తోడైతే, ఎంత దూరం వెళ్ళినా ఆట మొదటికి రావలసిందే.

కొనామి సంకేతం: గ్రాడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి (1986) మార్చుతున్న కజుహిసా హషిమోతో, పరీక్షించుటకు ఆ ఆట తనకే మరీ కష్టంగా ఉండటంతో, మీటలను ఒక వరుసలో నొక్కితే శక్తులన్నీ లభించే రహస్య ఏర్పాటు చేశాడు. అదే వరుస 1988లో ఇంటి యంత్రానికి వచ్చిన కాంట్రా ఆటలో 30 ప్రాణాలను ఇచ్చింది. బిగించిన నియమానికి తయారీదారే వదిలిన దొడ్డిదారి ఇది. దీనికి రుసుము లేదు. పిల్లలు ఒకరికొకరు చెప్పుకోగా వ్యాపించింది.

ముఖ్యమైన రకాలు

* భద్రపరచుటపై పరిమితి: కొన్ని ఆటలలో నిర్ణీత స్థలాలలో మాత్రమే ఆటను భద్రపరచవచ్చును. 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ ఆటలో టైపురైటరు ఉన్నచోట, అదీ సిరా రిబ్బను చేతిలో ఉంటేనే, భద్రపరచుటకు వీలవుతుంది. ఇక్కడ పరిమితి భయాన్ని పెంచుట కొరకు ఉద్దేశించినది కనుక దీనిని సమర్థించేవారు కూడా ఉన్నారు.
* తోడు పాత్రను కాపాడుట: తనను తాను రక్షించుకొనలేని పాత్రను వెంటబెట్టుకొని పోవలసిన ఘట్టాలివి. ఆ పాత్ర తప్పుదారిన నడిచినా ఓటమి ఆటగానిదే అవుతుంది. 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4లోని యాష్లీ పాత్ర దీనికి తరచుగా చెప్పబడే ఉదాహరణ.
* నీటి అంచెలు: నీటిలో పాత్ర కదలిక నెమ్మదిస్తుంది, ఊపిరికి గడువు ఉంటుంది. 1998 నాటి ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్ ఆటలోని నీటి ఆలయంలో బరువైన బూట్లను తొడుగుటకు, విడుచుటకు ప్రతిసారీ ఆట ఆపి జాబితా తెరవవలసి ఉండేది.
* హఠాత్తుగా మీట నొక్కించుట: దృశ్యం నడుస్తుండగా తెరపై కనిపించిన మీటను క్షణంలో నొక్కకపోతే పాత్ర మరణిస్తుంది. 1983 నాటి డ్రాగన్స్ లెయిర్ ఆట మొత్తం ఇటువంటిదే. 1999లో వచ్చిన షెన్మూ తరువాత ఈ పద్ధతి బాగా వ్యాపించింది.
* దాటవేయలేని దృశ్యాలు: బలమైన శత్రువుతో పోరుకు ముందు సుదీర్ఘమైన దృశ్యం ఉండి, ఓడిన ప్రతిసారీ దానిని మరల చూడవలసి రావడం. 2002 నాటి కింగ్‌డమ్ హార్ట్స్ ఆట ఈ విషయంలో ఎక్కువగా విమర్శకు గురైంది.
* కనబడని శత్రువులు: నడుస్తుండగా కొద్ది అడుగులకొకసారి హఠాత్తుగా పోరాటం మొదలవడం. డ్రాగన్ క్వెస్ట్ (1986), ఫైనల్ ఫాంటసీ (1987) ఆటలలో ఇది ప్రధాన పద్ధతి.
* వెనుకబడినవారికి సాయం: పరుగుపందెం ఆటలలో ముందున్నవానికి ఆటంకం, వెనుకనున్నవానికి ఊతం కల్పించడం. మారియో కార్ట్ 64 (1996)లో ప్రవేశించిన నీలిరంగు తాబేటి చిప్ప మొదటి స్థానంలో ఉన్నవానినే వెదకి కొడుతుంది. కలిసి ఆడే పిల్లలలో నేర్పు తక్కువైనవారికి కూడా ఆశ మిగల్చుట దీని ఉద్దేశం.

ఫోను ఆటలలో

2010వ దశకంలో ఉచితంగా దొరికి, లోపల వస్తువులను అమ్మే ఆటలు పెరిగాయి. ఆట ఉచితం కనుక, ఆటగాడు ఎక్కడ ఆగి డబ్బు చెల్లిస్తాడన్నదే వీటి వ్యాపారానికి కీలకం.

వేచి ఉండుట: 2012లో వచ్చిన కాండీ క్రష్ సాగాలో 5 ప్రాణాలు ఉంటాయి. పోయిన ఒక్కొక్క ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. అనగా అయిదూ పోయినవారు అన్నీ నిండుటకు రెండున్నర గంటలు ఆగాలి, లేదా మిత్రులను అడగాలి, లేదా కొనాలి. అదే సంవత్సరం వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కట్టడాలు పూర్తగుటకు గడువు ఉంటుంది, రత్నాలు చెల్లిస్తే అది వెంటనే ముగుస్తుంది. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్ ఆటలో సకాలంలో కోయని పంట ఎండిపోయేది. ఈ ఆట మొదటి రూపం 2020 డిసెంబరు 31న మూతపడింది.

అదృష్టపు పెట్టెలు: లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలివి. కోరిన వస్తువు దొరికేవరకు కొంటూ పోవలసి ఉంటుంది. 2017లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 ఆటలోని పెట్టెలపై ప్రపంచవ్యాప్తంగా నిరసన వెల్లువెత్తగా, తయారీదారు ఆట విడుదల సమయానికి లోపలి కొనుగోళ్ళను తాత్కాలికంగా నిలిపివేసింది.

ప్రకటనలు: ఒక అంచెకు, మరొక అంచెకు మధ్య వచ్చే ప్రకటనలు, మూసే గుర్తు కొన్ని క్షణాల వరకు కనిపించని ప్రకటనలు ఈ కోవకు చెందినవి.

నాణెపు యంత్రానికి, వీటికి పోలిక ఉంది. అక్కడ నాణెం వేస్తే మరొక ప్రాణం లభించేది, ఇక్కడ కూడా అంతే. అయితే నాణెపు యంత్రం బజారులో ఉండేది, జేబులో నాణేలు అయిపోతే ఆట అయిపోయేది. ఫోను ఎల్లప్పుడూ చేతిలోనే ఉంటుంది, దానికి ఇంటివారి బ్యాంకు ఖాతా జతపడి ఉండవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత ఇంటర్నెట్టు చవకై గ్రామాలకు విస్తరించింది. ఆ మరుసటి నెలలోనే, అనగా 2016 అక్టోబరు 11న, పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి వనపర్తి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోని వీపనగండ్ల వంటి మండల కేంద్రాలలో కంప్యూటరు గాని, గేము యంత్రం గాని లేని ఇళ్ళకు వీడియో ఆట ఫోను రూపంలోనే చేరింది. అందువలన ఇటువంటి పాఠకులకు మారియో నాటి విసుగు కంటే, వేచి ఉండుట మరియు పెట్టెలు కొనుట అనే రకమే ఎక్కువ పరిచితం.

పబ్‌జీ మొబైల్ ఆటను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న మరి 117 అప్లికేషన్లతో పాటు నిషేధించింది. ఇందుకు చూపిన కారణం దేశ భద్రత, ఆటలోని నియమాలు కావు. దాని స్థానంలో బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా 2021 జూలై 2న విడుదలైంది. ఇందులో 18 సంవత్సరాల లోపు వారికి రోజుకు 3 గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు అనే పరిమితులు విధించారు. ఈ ఆట 2022 జూలైలో దుకాణాల నుండి తొలగించబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది.

చట్టాలు

డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ తమ 1974 నాటి జూద చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు గెలుచుకొనే ఆశతో సొమ్ము కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఈ చట్టాలు ప్రధానంగా పందెపు ఆటలను ఉద్దేశించినవి. గడువు తగ్గించుటకో, ప్రాణం కొనుటకో చెల్లించే సొమ్ములో తిరిగి గెలుచుకొనేది ఏమీ లేదు కనుక దానిని పందెంతో సమానంగా చూడరాదు.

ఇతర దేశాలలో చైనా 2017లో పెట్టెలలో ఏ వస్తువు ఏ పాళ్ళలో వస్తుందో ప్రకటించడం తప్పనిసరి చేసింది. బెల్జియం 2018లో కొన్ని ఆటల పెట్టెలు జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది.

సవరణలు

కారణం తొలగిన తరువాత అనేక పాత విసుగులు తొలగిపోయాయి. 1995 నాటి క్రోనో ట్రిగ్గర్‌లో శత్రువులు చాలావరకు ముందే కంటికి కనిపిస్తారు. 2011లో ఒకరినా ఆఫ్ టైమ్‌ను తిరిగి విడుదల చేసినప్పుడు నీటి ఆలయంలో దారి చూపే రంగు గీతలు గీసి, బూట్లను ఒక్క మీటతో మార్చుకొనే వీలు కల్పించారు. 2023 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 కొత్త రూపంలో హఠాత్తు మీటలను చాలావరకు తీసివేశారు, యాష్లీకి విడిగా ఉన్న ఆరోగ్యపు కొలతను తొలగించారు.

అమ్మకం కొరకు పెట్టిన విసుగు ఇలా తనంతట తాను తొలగదు, ఎందుకనగా దానికి కారణమైన ఆదాయం కొనసాగుతూనే ఉంటుంది. దానిని గుర్తించుటకు ఒక సులభమైన పరీక్ష ఉంది. ఆటలో ఆటంకం ఎదురైనచోటనే, దానిని తొలగించే వస్తువు ధర కూడా కనిపిస్తుంటే, ఆ ఆటంకం నేర్పును పరీక్షించుటకు పెట్టినది కాకపోవచ్చును. ఫోనులో ప్రతి కొనుగోలుకు సంకేతపదం అడిగేటట్లు అమర్చుకొనడం, పిల్లల ఖాతాకు పెద్దల అనుమతి తప్పనిసరి చేయడం ఇళ్ళలో తీసుకొనదగిన జాగ్రత్తలు.

ఇవి కూడా చూడండి

* అష్టాచెమ్మా
* వైకుంఠపాళి
* పులిజూదం
* వీడియో గేమ్
* వనపర్తి జిల్లా