రోటర్‌డామ్ పల్లీపట్టి

1930ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ వీధుల్లో చైనావాళ్లు మెడకు రేకు డబ్బా తగిలించుకుని పల్లీపట్టి అమ్మేవారు. ముక్క ఐదు సెంట్లు. "పిండా, పిండా" అని కేక. డచ్చివాళ్లకు వేరుశనగ అంటే పిండా. మన రైల్వే ప్లాట్‌ఫారం మీద దొరికే చిరుతిండి లాంటిదే అంత చలి దేశపు రేవులో అమ్ముడైందని చదివినప్పటి నుంచి, దాని వెనక మనుషులెవరా అన్న ఆసక్తి నన్ను వదల్లేదు.

వాళ్లది కాటెండ్రెఖ్ట్. మాస్ నదికి దక్షిణాన ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న పల్లె. 1895లో అది నగరంలో కలిసింది. ఇరుపక్కలా రైన్‌హావెన్, మాస్‌హావెన్ అనే ఓడరేవులు తవ్వేసరికి పాత పల్లె చాలావరకు చెరిగిపోయి, మూడు వైపులా నీళ్లున్న నేలముక్క మిగిలింది. కొత్త వీధులకు డెలి, ఆచే అంటూ సుమత్రాలోని ప్రాంతాల పేర్లు పెట్టారు. వలస రాజ్యాల సొమ్ము ఎక్కడి నుంచి వస్తోందో ఆ పేర్లే చెబుతాయి.

1911లో ఓడ కార్మికులు సమ్మె కట్టారు. కంపెనీలు దిగిరాలేదు; ఇంగ్లండ్ నుంచి చైనా కళాసీలను దించాయి. ఆవిరి ఓడ అడుగున, బాయిలర్ల ముందు, నిప్పుల వేడిలో బొగ్గు ఎగదోయడం వాళ్ల పని. డచ్చివాళ్ల కంటే తక్కువ జీతం. సమ్మె ముగిసినా కంపెనీలు వాళ్లను వదులుకోలేదు. ఓడకూ ఓడకూ మధ్య తలదాచుకోవడానికి డెలి వీధిలో, ఆచే వీధిలో బసలు వెలిశాయి. పని ఇప్పించేవాడూ, మంచం అద్దెకిచ్చేవాడూ తరచు ఒకడే; కూలివాడి సంపాదన రెండు చేతులా వాడి దగ్గరికే చేరేది. వంటిళ్లు, కొట్లు, జూదశాలలు వచ్చాయి. 1920ల నాటికి ఐరోపా ప్రధాన భూభాగంలోని పెద్ద చైనా పేటల్లో అదొకటి. నెదర్లాండ్స్‌లో తొలి చైనా హోటళ్లు తెరుచుకున్నదీ అక్కడే.

తర్వాత ఓడలు బొగ్గు మానేసి నూనెకు మారాయి. ఆ వెంటే ఆర్థిక మాంద్యం. బొగ్గు ఎగదోసే చేతులతో ఎవరికీ పని లేకపోయింది. అప్పుడు పుట్టింది పల్లీపట్టి. పంచదార పాకంలో వేరుశనగ గింజలు కలిపి, పలకగా పరిచి, ముక్కలు కోయడానికి పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, భాష అంతకన్నా అక్కర్లేదు. రోటర్‌డామ్ నుంచి ఆ డబ్బాలు వేరే ఊళ్లకూ పాకాయి. పిల్లలు ఆ కేకను వెక్కిరింతగా మార్చుకున్నారు. చాలా ఏళ్లు డచ్చి చైనావాళ్లు ఆ ఎగతాళిని మోశారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆకలిని మర్యాదగా ఎదుర్కొన్న మనిషి కేకకు దక్కిన ఫలం తిట్టు. 1930ల రెండో సగంలో ప్రభుత్వం వాళ్లలో వందల మందిని ఓడలెక్కించి వెనక్కి పంపింది. కంపెనీలు పిలిచినప్పుడు చూపిన తొందరనే ప్రభుత్వం పంపేటప్పుడు చూపింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇండోనేషియా నుంచి తిరిగొచ్చిన డచ్చివాళ్ల నాలుకకు తగ్గట్టు చైనా హోటళ్లు ఇండోనేషియా రుచులు కలుపుకుని దేశమంతా విస్తరించాయి. కాటెండ్రెఖ్ట్ మాత్రం నావికుల బార్లకూ, వేశ్యావాటికలకూ పేరుపడింది. ఇప్పుడు డెలి చౌకులో ఖరీదైన రెస్టారెంట్లున్నాయి. అవి బాగున్నాయి. కానీ బొగ్గుమసి మనుషులు బతికిన పేట ఆనవాళ్లు వాటి మధ్య కంటికి ఆనవు.

అయినా ఒక మంచి పని జరిగింది. కాటెండ్రెఖ్ట్‌లోనే ఉన్న 1923 నాటి ఓడ కంపెనీ గిడ్డంగిని వలసల మ్యూజియంగా మార్చి, 2025 మేలో 'ఫెనిక్స్' పేరుతో తెరిచారు. దాని పైకప్పును చీల్చుకుని సుడిగాలిలా లేచే మెట్లను గీసింది చైనా ఆర్కిటెక్ట్ మా యాన్‌సాంగ్. రోటర్‌డామ్ వెళ్లే తెలుగువాళ్లు ఎరాస్మస్ వంతెన దగ్గర ఫొటో మాత్రమే దిగి వెనక్కి వచ్చేయకండి. రైన్‌హావెన్ మీది పాదచారుల వంతెన దాటితే కాటెండ్రెఖ్ట్ వచ్చేస్తుంది. మ్యూజియం చూశాక డెలి వీధి చివరిదాకా కూడా నడవండి.