ఎడమ కాల్వ ఆయకట్టులో టవర్ లైన్ల దారి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నేటి రూపాన్ని చాలావరకు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ, దాని తరువాత పొలాల మీదుగా సాగిన హైటెన్షన్ విద్యుత్ లైన్లు నిర్ణయించాయి. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ ప్రాజెక్టు కాల్వలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు విడుదల చేశారు. లాల్ బహదూర్ కాల్వగా పేరుపెట్టిన ఎడమ కాల్వ కింద మెట్ట భూములు వరి మళ్లయ్యాయి, మిర్యాలగూడ రైసు మిల్లుల పట్టణమయింది. కాల్వకు కావలసిన భూమిని ప్రభుత్వం భూసేకరణ ద్వారా తీసుకుని, పరిహారం కట్టి, తన పేరున రాసుకుంది. విద్యుత్ లైనుకు మాత్రం భూమిని సేకరించలేదు. టవరు నాలుగు కాళ్లు పొలంలో నిలిచాయి, పట్టా మాత్రం రైతు పేరుమీదే ఉండిపోయింది. లైను వేసే ముందు ఎవరిని అడగాలి, అడగడమంటే అసలు ఏమిటి అన్న వివాదానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

ఆ వివాదం ఈ ప్రాంతంలో ఎందుకంత బరువైనదో తెలియాలంటే కాల్వ కంటే ముందుకాలానికి వెళ్లాలి. 1946–51 మధ్య తెలంగాణ సాయుధ పోరాటానికి, ఈ ప్రాంతం అప్పట్లో భాగంగా ఉన్న నల్లగొండ జిల్లా ప్రధాన క్షేత్రం. ఆ పోరాటం ముగియకముందే వచ్చిన 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, యజమాని ఇష్టానుసారం పొలం నుంచి వెళ్లగొట్టడానికి వీల్లేని సాగుదారుకు రక్షిత కౌలుదారు అన్న హోదా ఇచ్చింది. ఎంతో పోరాడితే గాని దక్కని భూమి మీదికి, అడగకుండానే ఒక టవరు వచ్చి నిలబడడాన్ని కేవలం పంట నష్టంగా లెక్కకట్టడం ఆ చరిత్రను విస్మరించడమే అవుతుంది.

అడగనవసరం లేదన్న సూత్రం వలస పాలన నాటిది. 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం తంతి శాఖ ఎవరి భూమి మీదనైనా తీగ లాగవచ్చు, స్తంభం పాతవచ్చు. భూమి మీద దానికి వాడుక హక్కు తప్ప మరే హక్కూ రాదు, వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. రైతు అడ్డుపడితే 16వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఇస్తాడు, పరిహారం చాలలేదంటే వివాదం జిల్లా జడ్జి ముందుకు పోతుంది. సన్నని తంతి తీగ కోసం రాసిన ఈ అధికారాన్ని 1910 నాటి విద్యుత్ చట్టం, 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం విద్యుత్ లైన్లకు కూడా వర్తింపజేశాయి. పొలం గట్టున పాతే తంతి స్తంభానికీ, మడి మధ్యలో కాంక్రీటు పునాదులతో లేచే టవరుకూ పోలికే లేదు. అయినా చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టింది. 1948 చట్టంలో సంప్రదింపు లాంటిది ఒకటే కనిపిస్తుంది: పెద్ద పథకాన్ని గెజిట్‌లో, స్థానిక పత్రికల్లో ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలన్న 29వ సెక్షన్. గెజిట్ చదివే అలవాటు లేని ఊళ్లకు ఆ గడువు ఎప్పుడు మొదలయ్యిందో, ఎప్పుడు ముగిసిందో తెలిసే మార్గం లేదు.

ఈ చట్టాల నీడలోనే 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు తన వ్యవస్థను విస్తరించింది. 1978లో సాగర్ ఆనకట్ట దగ్గర తొలి విద్యుత్ యూనిట్, 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ థర్మల్ కేంద్రం, 1983లో రామగుండం ఎన్‌టీపీసీ మొదలయ్యాయి. ఉత్పత్తి కేంద్రం నుంచి సబ్‌స్టేషన్‌కు అధిక వోల్టేజీతో కరెంటును మోసుకెళ్లే వాటిని ప్రసార లైన్లంటారు. కృష్ణా తీరానికీ హైదరాబాద్‌కూ మధ్యనున్న ఈ ప్రాంతం వాటికి సహజమైన దారి. అయితే ఇది దారి మాత్రమే కాదు. బోర్ల మోటార్లు, రైసు మిల్లులు, సున్నపురాయి నిల్వల మీద ఆధారపడిన హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు కూడా ఆ కరెంటునే కోరుకున్నాయి. కనుక ఇక్కడి రైతు లైనును కాదన్నవాడు కాడు. లైను ఎటు పోవాలో తనకు చెప్పలేదన్నదే అతని ఫిర్యాదు.

లైను దారి ఎలా ఖరారవుతుందో గమనిస్తే ఆ ఫిర్యాదులోని న్యాయం తెలుస్తుంది. ఇంజినీర్లు ముందుగా పటాల మీద రెండు మూడు ప్రత్యామ్నాయ దారులు గీసి, ఊళ్లు, చెరువులు, అడవులు, రైలు మార్గాలు తప్పిస్తూ ఒకదాన్ని ఎంచుకుంటారు. తరువాత నేల మీద సర్వే చేసి, లైను మలుపు తిరిగే చోట్లను గుర్తించి, వాటి మధ్య టవర్ల స్థానాలు నిర్ణయిస్తారు. 400 కేవీ లైనులో టవరుకూ టవరుకూ సుమారు 400 మీటర్ల దూరం, తీగల కింద 46 మీటర్ల వెడల్పు పట్టీ ఉంటాయి. ఆ పట్టీలో వరి పండించవచ్చు గాని ఇల్లు కట్టకూడదు, ఎత్తు పెరిగే చెట్లు ఉంచకూడదు, బోరు బండిని నిలబెట్టడం ప్రమాదకరం. మలుపు స్థానం ఒక్కటి జరిగితే దాని ఇరువైపులా టవర్లన్నీ జరుగుతాయి. అందువల్ల రైతు మాట పనికొచ్చేది పటం మీద గీత గీసే దశలోనే, గుంత తవ్వే రోజున కాదు. ఆనవాయితీగా అతనికి విషయం తెలిసేది మాత్రం గుంత తవ్వే రోజునే.

2003 విద్యుత్ చట్టం పాత చట్టాలను రద్దు చేసినా 164వ సెక్షన్ ద్వారా తంతి అధికారాన్ని నిలుపుకుంది. 2006లో కేంద్రం చేసిన నిబంధనలు యజమాని లేదా అనుభవదారు ముందస్తు సమ్మతి తీసుకోవాలన్నాయి గాని, 164 కింద అధికారం పొందిన సంస్థకు ఆ షరతు వర్తించదు. కేంద్ర ప్రభుత్వ ప్రసార సంస్థ పవర్‌గ్రిడ్‌కూ, సెంచురీ టెక్స్‌టైల్స్ కంపెనీకీ మధ్య వివాదంలో 2016లో సుప్రీంకోర్టు దీన్నే ధ్రువీకరించింది.

ఈ సంప్రదింపు లోపం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మిర్యాలగూడకు దగ్గరలో, దామరచర్ల మండలం వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం విషయంలో. 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో 4,000 మెగావాట్ల కేంద్రానికి 2015 జూన్ 8న శంకుస్థాపన జరిగింది. 2017లో వచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో నిలుపుదల చేసి, మరిన్ని అధ్యయనాలతో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని ఆదేశించగా, అది 2024 ఫిబ్రవరి 20న జరిగింది. నిర్మాణం అప్పటికే చాలా దూరం పోయినా, ప్రజలు తమ మాట అధికారికంగా నమోదు చేయించగలిగారు. అయితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన జాబితాలో ప్రసార లైన్లు లేవు. పొగగొట్టం పక్కనున్న ఊరికి సభ హక్కుగా దక్కింది. అక్కడ పుట్టిన కరెంటును మోసే తీగ కింద ఉన్న ఊరికి అలాంటి హక్కు లేదు.

మార్పు వచ్చినది డబ్బు విషయంలోనే. 2015 అక్టోబర్ కేంద్ర మార్గదర్శకాలు టవరు కాళ్ల మధ్య నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం చెల్లించాలని సూచించగా, 2024 జూన్ మార్గదర్శకాలు వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచాయి. అంతకుముందు పంటకూ చెట్టుకూ మాత్రమే కట్టిన లెక్క నేల విలువ దాకా రావడం చిన్న విషయం కాదు. కాని ఈ సొమ్ము చేరేది పట్టాదారుకు. ఎడమ కాల్వ కింద చాలా పొలాలు కౌలు మీద సాగుతున్నాయి. దమ్ము చేసి, నాటు వేసి, టవరు చుట్టూ కోత మిషన్‌ను తిప్పుకోవలసినవాడు కౌలు రైతు. 2006 నిబంధనలు యజమాని పక్కన అనుభవదారును కూడా పేర్కొన్నాయి గనుక, లైను దారి గురించి ఊళ్లో జరిగే ఏ సంప్రదింపులోనైనా అతనికి చోటివ్వడానికి కొత్త చట్టం అక్కరలేదు.