నల్లపలక నుండి తెల్లతెర వరకు

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు ప్రాంతము సున్నపురాతికి ప్రసిద్ధము. వేసవి మిట్టమధ్యాహ్నమున తెల్లగా సున్నము కొట్టిన గోడను చూచిన కండ్లు చెదరుట అందరెరిగినదే. నేడు కంప్యూటరు తెల్లతెర ముందు విద్యార్థులు పడు బాధయు ఈ కోవలోనిదే.

పూర్వపు వ్రాతసాధనములు ఇట్లు మిరుమిట్లు గొలిపెడివి కావు. తాటాకు లేత పసుపువన్నెది. గంటముతో గీచిన అక్షరములకు మసి పూసెడివారు. బడిపిల్లల పలక నల్లనిది. మార్కాపురపు పలకలు పేరెన్నికగన్నవి. కాగితము తెల్లనిదైనను స్వయముగా వెలుగదు. గదిలోని వెలుతురునే తిప్పి పంపును.

తొలినాటి కంప్యూటరు తెరలు పెక్కు పలకవంటివే: నల్లని తెరపై ఆకుపచ్చని అక్షరములు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ నిర్మించిన ఆల్టో యంత్రము కాగితమును అనుకరించి, తెల్లతెరపై నల్లని అక్షరములను చూపెను. 1984లో వెలువడిన మాకింతోష్ ఈ పద్ధతిని జనసామాన్యమునకు చేర్చినది. 2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13లతో నల్లతెర ఫోనులలో విరివిగా వాడుకకు వచ్చినది.

అయితే నల్లతెరయే ఎల్లప్పుడును మేలని చెప్పరాదు. వెలుతురులో కంటిపాప కుంచించుకొనుటచే అక్షరము స్ఫుటముగా కనబడును. నల్లతెరను చూచునపుడు పాప విప్పారును. అందుచే, ముఖ్యముగా ఆస్టిగ్మాటిజమ్ గలవారికి, అక్షరపుటంచులు అలుకుకొనినట్లు తోచును. తెర వెలుగునకును గది వెలుతురునకును గల పెద్ద భేదము బాధకొక ముఖ్యకారణము. పైగా తెరను చూచునపుడు రెప్పపాట్లు తగ్గి కన్ను పొడిబారును.

కావున ఉపాధ్యాయులు ఈ సంగతులు బోధించవలెను. తెర ప్రక్కన తెల్లకాగితము నుంచి చూడుడు. తెర దీపమువలె తోచినచో వెలుగు తగ్గింపుడు. చీకటిగదిలో చదువకుడు. 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమున నున్న వస్తువును 20 సెకండ్లు చూడుడు.