హోమ్ ఇన్‌స్పెక్షన్: రిపోర్ట్‌లో తప్పుంటే నష్టం ఎవరిది? అమెరికాలో ఇల్లు కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే..

అమెరికాలో పాత ఇల్లు కొనేముందు ఒక ఇన్‌స్పెక్టర్‌తో చెక్ చేయించుకోవడం మామూలే. అక్కడ సెటిలైన మన తెలుగు కుటుంబాలకూ ఇది బాగా తెలిసిన పనే. కొన్ని వందల డాలర్లు తీసుకుని ఇన్‌స్పెక్టర్ ఇచ్చే రిపోర్ట్‌ను నమ్మి లక్షల డాలర్ల డీల్‌పై సంతకం పెడతారు. మరి ఆ రిపోర్ట్‌లో పెద్ద లోపమే మిస్ అయితే? దానికి ఎవరు జవాబు చెప్పాలన్నది మీరు ఏ రాష్ట్రంలో ఇల్లు కొన్నారనే దానిపై ఆధారపడి ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ అసలేం చూస్తారు?

పైకప్పు, పునాది, ప్లంబింగ్, వైరింగ్, హీటింగ్, ఏసీ.. వీటిలో కంటికి కనిపించేవి, చేతికి అందేవి మాత్రమే చూస్తారు. గోడ పగలగొట్టరు, కార్పెట్ లేపరు. చెదలు, రేడాన్ గ్యాస్, మురుగు పైపు లాంటి వాటికి చాలాసార్లు విడిగా డబ్బు కట్టాలి. ఇంకో విషయం.. నిర్మాణ సమయంలో వచ్చే సిటీ ఇన్‌స్పెక్టర్ వేరు. బిల్డింగ్ కోడ్ పాటించారా లేదా అన్నదే ఆయన పని. "సిటీ వాళ్లు ఓకే చేశారు కదా" అనుకుంటే పొరపాటే.

లైసెన్స్ ఎక్కడుంది? ఎక్కడ లేదు?

హోమ్ ఇన్‌స్పెక్టర్లకు అమెరికా మొత్తానికి ఒకే లైసెన్స్ అంటూ లేదు. ఏ రాష్ట్రం రూల్ ఆ రాష్ట్రానిదే. టెక్సాస్ 1985లోనే లైసెన్స్ చట్టం తెచ్చింది. అక్కడ కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. న్యూజెర్సీలో లైసెన్స్‌తో పాటు 5 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి. కానీ కాలిఫోర్నియా, జార్జియా, మిచిగాన్‌లలో రాష్ట్ర లైసెన్స్ విధానమే లేదు. అంటే విజిటింగ్ కార్డు కొట్టించుకుని ఎవరైనా పని మొదలుపెట్టొచ్చు. ఇన్‌స్పెక్టర్ల సంఘాలకు సొంత ప్రమాణాలు, పరీక్షలు ఉన్నాయి. అయితే లైసెన్స్ లేని చోట సంఘం నుంచి తీసేసినా ఆ వ్యక్తి పని ఆగదు.

కాలిఫోర్నియాలో లైసెన్స్ లేకపోయినా కొన్ని రూల్స్ ఉన్నాయి. తాను చెక్ చేసిన ఇంటికి 12 నెలల పాటు తానే రిపేర్లు చేసి డబ్బు తీసుకోకూడదు. "మా బాధ్యత ఫీజు వరకే" అని రాసుకున్న షరతు చెల్లదు. ఇన్‌స్పెక్షన్ జరిగిన 4 ఏళ్లలోపు కేసు వేయొచ్చు. ఇక్కడే అసలు చిక్కు. రద్దు చేయడానికి లైసెన్సే లేదు కాబట్టి, నష్టపోయినవాళ్లు లాయర్‌ను పెట్టుకుని కోర్టు చుట్టూ తిరగాల్సిందే.

ఫీజు 385 డాలర్లు.. బాధ్యత 192.50 డాలర్లే!

చాలా కాంట్రాక్టుల్లో చిన్న అక్షరాల్లో ఉండే షరతు ఎంత ప్రమాదమో న్యూజెర్సీ కేసు ఒకటి చెబుతుంది. ఇల్లు కొన్నాక పైకప్పు కారడం మొదలైంది. రిపేర్‌కు 8 వేల నుంచి 10 వేల డాలర్లు అవుతుందని తేలింది. కాంట్రాక్టులో మాత్రం బాధ్యత 500 డాలర్లు లేదా ఫీజులో సగం, ఏది తక్కువైతే అంతే అని ఉంది. ఫీజు 385 డాలర్లు.. అంటే చేతికి వచ్చేది 192.50 డాలర్లే. 2004లో అప్పీల్ కోర్టు ఈ షరతు చెల్లదని తేల్చేసింది. అయితే అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాగే తీర్పు వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఏజెంట్ చెప్పిన మనిషేనా?

చాలామంది ఏజెంట్ చెప్పిన ఇన్‌స్పెక్టర్‌నే పెట్టుకుంటారు. డీల్ పూర్తయితేనే ఏజెంట్‌కు కమీషన్. ఇన్‌స్పెక్టర్‌కు తర్వాతి పని వచ్చేది ఆ ఏజెంట్ దగ్గర్నుంచే. డీల్ చెడిపోయేలా రిపోర్ట్ రాస్తే మళ్లీ పిలుస్తారా? అందరూ అలాగే ఉంటారని కాదు.. కానీ ఫీజు కట్టేది మీరు, పని ఇప్పించేది వేరొకరు అన్నది గుర్తుంచుకోవాలి.

సంతకానికి ముందు ఇవి చూడండి

* లైసెన్స్ ఉన్న రాష్ట్రమైతే నంబర్‌ను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చెక్ చేయండి.
* ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాపీ అడగండి.
* కాంట్రాక్టును ఒకరోజు ముందే తెప్పించుకుని, బాధ్యత ఎంతవరకో, కేసు వేయడానికి గడువు ఎంతో చదవండి.
* పాత రిపోర్ట్ నమూనా ఒకటి చూడండి.
* ఇన్‌స్పెక్షన్ జరిగేటప్పుడు మీరూ ఇంట్లోనే ఉండండి.

మరి మన దగ్గర?

మన దగ్గర కూడా ప్రైవేట్ హోమ్ ఇన్‌స్పెక్షన్ సర్వీసులు వచ్చాయి. అయితే కొత్త ఫ్లాట్ల విషయంలో రెరా చట్టం బాధ్యతను నేరుగా బిల్డర్‌పైనే పెట్టింది. సెక్షన్ 14 ప్రకారం పొజెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి కొనుగోలుదారు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. లేదంటే పరిహారం అడగొచ్చు. పాత ఫ్లాట్‌ను ఓనర్ దగ్గర కొని, ఆ 5 ఏళ్లూ దాటిపోతే ఈ రక్షణ ఉండదు. అప్పుడు చేతిలో మిగిలేది ఇన్‌స్పెక్షన్ రిపోర్టే. అందుకే ఆ రిపోర్ట్‌కు ఎవరు బాధ్యులో ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.