బి-1 వీసా: వ్యాపారానికీ కూలికీ మధ్య గీత

కొద్దిరోజుల వ్యాపారపు పని మీద అమెరికా వెళ్లేవారికి ఇచ్చే బి-1 వీసాకు మూలం 1924 నాటి వలస చట్టంలో ఉంది. దేశాలవారీగా కోటాలు పెట్టి వలసలను బిగించిన చట్టమది. విహారానికో వ్యాపారానికో వచ్చి తిరిగి వెళ్లిపోయేవారిని మాత్రం కోటా లెక్కలోంచి మినహాయించింది. ఏది వ్యాపారమో, ఏది కాదో చెప్పలేదు. ఆ పని కోర్టుల మీద పడింది.

మొదటి తగాదా నయాగరా సరిహద్దులో వచ్చింది. కెనడా ఒడ్డున కాపురముంటూ, రోజూ వంతెన దాటి అమెరికాలో పనిచేసి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు అక్కడ ఉండేవారు. కూలికి వచ్చేవారు వ్యాపార సందర్శకులు కారని, వలసదారులేనని 1927లో వలస అధికారులు దారి మూశారు. కెనడాలో పుట్టినవారికి కోటా బెడద లేదు. ఐరోపాలో పుట్టి కెనడా చేరినవారే చిక్కుకున్నారు. స్కాట్లాండ్‌లో పుట్టిన ఒక స్త్రీ, ఇటలీలో పుట్టిన ఒక పురుషుడు కోర్టుకెక్కారు. అమెరికా, బ్రిటన్‌ల మధ్య కుదిరిన 1794 నాటి జే ఒప్పందం తమకు సరిహద్దు దాటే హక్కునిచ్చిందన్నది వారి వాదన. అప్పీలు కోర్టులో గెలిచారు, 1929లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఒప్పందంలోని ఆ హక్కు ఆ రెండు దేశాల 1812 యుద్ధంతోనే ముగిసిందని, స్థానిక కార్మికులకు పోటీ రాకుండా చూడడం చట్టం ఉద్దేశం కనుక జీతానికి చేసే కొలువు వ్యాపారం కిందికి రాదని కోర్టు తేల్చింది. రాత్రికి సొంత ఇంట్లో పడుకునే మనిషిని వలసదారుగా లెక్కగట్టడం కఠినమైన తీర్పే. కానీ అది గీసిన గీత ఈనాటికీ చెరగలేదు. 1952 చట్టం వ్యాపార సందర్శకులను ‘బి’ వర్గంలో చేర్చి, నైపుణ్యం ఉన్నా లేకున్నా శ్రమ చేయడానికి వచ్చేవారిని అందులోంచి తీసేసింది.

గీతకు అవతలి అంచు ఒక దర్జీ వ్యవహారంలో తేలింది. హాంకాంగ్‌లోని ఒక దుస్తుల సంస్థ తరఫున ఒకతను అమెరికాలో ఖాతాదారుల కొలతలు తీసుకుని ఆర్డర్లు పంపేవాడు. బట్టలు హాంకాంగ్‌లోనే కుట్టేవారు. అది వ్యాపారమేనని 1965లో వలస అప్పీళ్ల బోర్డు చెప్పింది, మరుసటి ఏడు అటార్నీ జనరల్ సమర్థించారు. అసలు వ్యాపారం ఎక్కడ నడుస్తోంది, లాభం ఎవరికి చేరుతోంది అన్నవే కొలమానాలయ్యాయి. బి-1 చరిత్రలో ఇంతకంటే ఉపయోగపడిన నిర్ణయం మరొకటి లేదు.

1985లో తాపీ పనివారి వంతు వచ్చింది. కాలిఫోర్నియాలోని ఒక బంగారు గని జర్మనీ నుంచి ఖనిజ శుద్ధి యంత్రాలు కొన్నది. వాటిని అమర్చడంలో భాగమైన తాపీ పనికి జర్మన్ పనివారు బి-1 మీద దిగారు. స్థానిక తాపీ కార్మికుల సంఘం దావా వేసి గెలిచింది. విదేశంలో కొన్న యంత్రాన్ని అమ్మకపు ఒప్పందం ప్రకారం బిగించడానికి, మరమ్మతు చేయడానికి రావచ్చు గానీ, నిర్మాణపు పని స్వయంగా చేయకూడదన్న నిబంధన ఆ తర్వాత స్థిరపడింది. పక్కన నిలబడి చేయించవచ్చు, నేర్పవచ్చు.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ తేడా పట్టుకోవడం ఇంకా కష్టం. క్లయింటుతో సమావేశం, ఒప్పందం చర్చలు వ్యాపారం; అదే ఆఫీసులో కూర్చుని క్లయింటు కోసం కోడ్ రాయడం సాధారణంగా ఉద్యోగం, దానికి 1990లో వచ్చిన హెచ్-1బి కావాలి. బి-1ను ఉద్యోగానికి వాడారన్న ఆరోపణలపై 2013లో ఇన్ఫోసిస్, తప్పు ఒప్పుకోకుండానే, 3.4 కోట్ల డాలర్లు చెల్లించి అమెరికా ప్రభుత్వంతో రాజీ చేసుకుంది.

అమెరికా వీసా కోసం అంతకుముందు చెన్నై వెళ్లాల్సి వచ్చిన తెలుగువారికి 2009 నుంచి హైదరాబాద్‌లోనే ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి, మొదట బేగంపేట పైగా ప్యాలెస్‌లో, 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో. జీతం ఎవరిస్తారు, అక్కడ ఏం చేస్తారు, ఎప్పుడు తిరిగొస్తారు అన్నవి బి-1 అభ్యర్థికి అక్కడ ఎదురయ్యే ముఖ్యమైన ప్రశ్నలు. వీసా పదేళ్లు చెల్లినా, వెళ్లిన ప్రతిసారీ ఎన్నాళ్లుండవచ్చో నిర్ణయించేది దిగిన చోటి వలస అధికారే.