సముద్రపు బాట నూడ్చిన ‘కాకినాడ’



మన మొయినాబాదు ప్రాంతమున పెద్ద నీరనగా ఉస్మానుసాగరము, హిమాయతుసాగరము జ్ఞప్తికి వచ్చును. 1908లో మూసీనది తెచ్చిన యుపద్రవమునకు పిమ్మట, నగరమును వరదనుండి కాపాడుటకును త్రాగునీ రిచ్చుటకును వీనిని నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. అట్టి మెట్టనేలవారమగు మనకు యుద్ధనౌకతో నేమి పని యని మీకు తోచవచ్చును. కాని విశాఖపట్టణపు శుద్ధికర్మాగారమునుండి గొట్టములగుండ సికింద్రాబాదునకు ఇంధనము వచ్చుచున్నది. దానికి వలయు ముడిచమురు ఓడలమీద రావలెను. రేవు మూతపడినచో ఆ కష్టము మన పొలముగట్టువరకు నడచివచ్చును.

రేవును మూయుటకు పెద్ద నౌకాసైన్య మక్కరలేదు. నీటిక్రింద నుంచిన కొన్ని మందుపాతరలు చాలును. వీనినే మైనులందురు. కొన్ని గొలుసులతో సముద్రపు టడుగునకు కట్టబడి, తమ్ము తాకిన ఓడను ప్రేల్చును. మరికొన్ని అడుగుననే పడియుండి, ఓడ యినుములోని అయస్కాంతశక్తినిగాని యంత్రముల చప్పుడునుగాని పసిగట్టి ప్రేలును. ఎన్ని యున్నవో, ఎచట నున్నవో తెలియకుండుటయే వాని బలము. ఒక్కటి యున్నదను అనుమానము కలిగినను సరకుఓడ వెనుదీయును.

తెలుగుతీరము ఈ యపాయము నెరుగనిది కాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖపట్టణము చెంత మునిగి, అందలివారందరు మరణించిరి. మన ‘రాజపుత్’ నౌక వేసిన బాంబులచే మునిగెనని మనవారందురు. తాను పరచిన మైనే ప్రేలి మునిగెనని పాకిస్తానువారందురు. ఏది నిజమైనను, మన రేవు ముంగిట మైనులు పరచుట అది వచ్చిన పనులలో నొకటి.

1978 మొదలు 1988 వరకు భారత నౌకాదళము మైనులను తొలగించు ఓడలను పండ్రెండింటిని సోవియట్ దేశమునుండి తెప్పించెను. వానిలో పెక్కింటికి తీరపట్టణముల పేర్లిడిరి. 1986 డిసెంబరులో సేవలో చేరిన యొకదానికి మన ‘కాకినాడ’ పేరు వచ్చెను. అది 2013 వరకు విశాఖపట్టణమున నుండి, పిదప బొంబాయి రేవునకు మారెను.

దాని పని యెట్టిదనిన, వెనుక పొడవైన తీగత్రాటిని ఈడ్చుచు మెల్లగా సాగును. త్రాటికి కత్తెరలుండును. అవి మైనుగొలుసును కోయగా మైను పైకి తేలును. అంతట దానిని తుపాకులతో ప్రేల్చుదురు. అయస్కాంతపు మైనులకు విద్యుత్తు పారు తీగలను, చప్పుడు వినెడి మైనులకు చప్పుడుచేయు యంత్రములను ఈడ్చి, ఓడ వచ్చినదని వానిని మోసగింతురు. ఇతరులు భయపడి తొలగు నీటిలోనికి ఈ ఓడ ముందు పోవలెను.

2017 మే 9వ తేదీన తన జోడు ‘కార్వారు’తోగూడ ‘కాకినాడ’ ముంబయిలో సేవ చాలించెను. ముప్పది యేండ్ల సేవ యది. 2019 ఏప్రిలులో ‘కోజికోడు’ విశాఖపట్టణమున విరమించుటతో ఆ పండ్రెండింటిలో నొక్కటియు మిగులలేదు.

గొప్ప పోరులు గెలిచినదని ఈ ఓడను చరిత్రకారులు పొగడరు. ఏ యపాయము జరుగకుండుటయే దాని ఘనత. జరుగనిదానిని లెక్కించు పద్దు ఎవరియొద్దను లేదు. పంట యింటికి వచ్చిననాడు రైతును మెచ్చుకొందుము గాని, ఎండలో వంగి కలుపు తీసిన చేతులను తలతుమా? ఆ చేతులు లేనియేడు చేను ఎట్లుండునో మీకు తెలియును. రేవులును అట్టివే. శాంతికాలమున పనిలేనట్లు కనబడు కాపలాను విడిచిన దేశము, దాని విలువను ఆపదలోనే నేర్చుకొనును.