చేతిలో స్టాప్‌వాచ్, కాళ్లకి సంకెళ్లు: పావో నూర్మి కథ

ఇవాళ ఫిన్లాండ్ రన్నర్ పావో నూర్మి గురించి మాట్లాడుకుందాం. మొత్తం 12 ఒలింపిక్ మెడల్స్, అందులో 9 గోల్డ్. కానీ నేను మెడల్స్ లెక్క చెప్పడానికి రాలేదు. ఇన్ని గెలిచిన మనిషిని ఒలింపిక్స్ నుంచి ఎందుకు గెంటేశారు? నాకు ఆసక్తి అక్కడే.

నూర్మి 1897లో తుర్కు పట్టణంలో పుట్టాడు. 1910లో తండ్రి చనిపోయాడు. క్లాసులో చురుకైన కుర్రాడే, అయినా బడి మానేసి బేకరీలో పనికి కుదిరాడు. బరువైన బండి తోసుకుంటూ ఎత్తు దారులు ఎక్కాలి. కాళ్లకి బలం ఆ బండి వల్లే వచ్చిందని తర్వాత తనే చెప్పుకున్నాడు.

1912లో ఫిన్లాండ్ ఇంకా రష్యా పాలనలోనే ఉంది. ఆ ఏడాది స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో హాన్నెస్ కోలెహ్మైనెన్ అనే ఫిన్లాండ్ రన్నర్ మూడు గోల్డ్ కొట్టాడు. అది చూసి పదిహేనేళ్ల నూర్మి పరుగునే జీవితం చేసుకున్నాడు. 1917లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1920 ఆంట్‌వెర్ప్‌లో నూర్మికీ మూడు గోల్డ్ వచ్చాయి.

ఇక 1924 పారిస్. 1500 మీటర్లు, 5000 మీటర్లు ఫైనల్స్ రెండూ జులై 10నే. మధ్యలో రెండు గంటలు కూడా లేదు. నూర్మి ఏం చేశాడో తెలుసా? మూడు వారాల ముందే హెల్సింకిలో రిహార్సల్ వేశాడు. గంట తేడాతో ఆ రెండు దూరాలూ పరిగెత్తి, రెండింట్లోనూ వరల్డ్ రికార్డ్ కొట్టాడు. పారిస్‌లోనూ రెండూ గెలిచాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తే అలవాటు ఆయనది. పక్కవాడితో కాదు, గడియారంతో పోటీ అన్నమాట.

అలాంటివాడు 1932లో మారథాన్ కోసం లాస్ ఏంజిల్స్ దాకా వెళ్లాడు. పరిగెత్తనివ్వలేదు. జర్మనీ పోటీలకి వెళ్లినప్పుడు ప్రయాణ ఖర్చుల పేరుతో ఎక్కువ డబ్బు తీసుకున్నాడని ఆరోపణ. అప్పటి రూల్ ప్రకారం ఆటగాడు ఆట మీద సంపాదించకూడదు. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆస్తి ఉన్నవాడికి ఆ రూల్‌తో ఇబ్బందేముంది? రెక్కల కష్టం మీద బతికేవాడికే అది అడ్డుగోడ. ఆరోపణ నిజమే అనుకున్నా, ఆ రూల్ న్యాయమైనదని మాత్రం నేను ఒప్పుకోను.

ఫిన్లాండ్ కూడా ఒప్పుకోలేదు. సొంత దేశంలో పోటీపడనిచ్చింది. 1933లో, 36 ఏళ్ల వయసులో, 1500 మీటర్ల జాతీయ టైటిల్ గెలిచాడు.

1952లో ఒలింపిక్స్ హెల్సింకికే వచ్చాయి. జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరిగెత్తుతూ వచ్చింది ఎవరనుకున్నారు? 55 ఏళ్ల నూర్మి! మైదానంలో జ్యోతి ఆయన వెలిగించాడు, పైన టవర్ మీద కోలెహ్మైనెన్ వెలిగించాడు. స్టేడియం మొత్తం హోరెత్తిపోయింది.

ఇవాళ ఛాంపియన్లకి స్పాన్సర్లు, యాడ్లు మామూలే. ఎవరూ తప్పు పట్టరు. నూర్మికి మాత్రం ఆ మారథాన్ మళ్లీ రాలేదు. మీరేమంటారు, ఆ నిషేధం న్యాయమేనా? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి.